ఎనిమిదో ఆట

ఏప్రిల్ 7, మంగళవారం

దొరికింది.

నాటకాలకి మైకుసెట్టు పెట్టే ఆయన పోయి రెండేళ్లయింది. వాళ్లమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తూ మా డిపార్టుమెంటుకి ఒక అట్టపెట్టె పంపింది. "పారేయడానికి చేతులు రాలేదు. మీకు పనికిరాకపోతే మీరే పారేయండి" అని పైన చీటీ. పంతొమ్మిది క్యాసెట్లు. పద్నాలుగు బూజు పట్టిపోయాయి. నాలుగింటి మీద ఆయన సినిమా పాటలు ఎక్కించేసుకున్నాడు. మిగిలిన ఒక్కదాని మీద నీలం సిరాతో "వరదగేటు, 8వ ఆట" అని ఉంది.

ఎనిమిదా!

ఆ నాటకం ఏడుసార్లే ఆడారు. నాటక సమాజం రిజిస్టరులో ఏడు. కరపత్రాలు ఏడు. అందులో నటించిన అత్తయ్య నోట కూడా ఏడే. నా థీసిస్ మూడో అధ్యాయం మొదటి వాక్యమే "ఏడు ప్రదర్శనలతో ఆగిపోయిన నాటకం". గైడు సారు దాని పక్కన టిక్కు పెట్టి "చక్కటి ఎత్తుగడ" అని కూడా రాశారు.

గది గడియ పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాను. మామయ్య గొంతు వినడం ఇదే మొదటిసారి. ఐదేళ్లుగా ఆయన నటన గురించి పేజీలకు పేజీలు రాస్తున్నాను, గొంతు మాత్రం వినలేదు. గోడ మీద ఫోటోలో ఆ మీసం చూసి పెద్ద గంభీరమైన గొంతనుకున్నాను. కాదు. సన్నం. కాస్త ముక్కుతో. మొదటి అంకంలో జనం పదిహేడుసార్లు నవ్వారు, గీతలు గీసి లెక్కపెట్టాను.

ఇక మూడో అంకం. వరదలో గేట్లు ఎత్తుతూ దెబ్బతిన్న కాపలాదారు, అంటే మామయ్య, పెళ్లాం వేషంలో ఉన్న అత్తయ్య ఒళ్లో ప్రాణం వదులుతాడు. ఆమె ఎనిమిది వాక్యాలు మాట్లాడుతుంది. లేచి, మిగిలిన గేటు చక్రం తానే తిప్పుతుంది. తెర. నా దగ్గరున్న, తెర పక్కనుంచి డైలాగులు అందించే ప్రాంప్టరు కాపీలో ఆ ఎనిమిది వాక్యాల పక్కన పెన్సిలుతో "2 ని." అని ఉంది.

టేపులో పన్నెండు నిమిషాలుంది.

ఎనిమిది వాక్యాలు ఎప్పుడో అయిపోయాయి. ఆ తర్వాత అత్తయ్య ఏవేవో మాట్లాడింది. గొడుగు ఎక్కడ పెట్టావంది. నిన్న అలిగి పడుకున్నావు కదా, ఇప్పుడూ అలకేనా అంది. పిల్లాడికి చెప్పులు బిగుతయ్యాయి, వేళ్లు కందిపోతున్నాయి అంది. నాటకంలో ఆ మొగుడూపెళ్లాలకి పిల్లలే లేరు! స్క్రిప్టుని దాటి అప్పటికప్పుడు అంత అల్లుకుపోవడం! కింద మామయ్య ఊపిరి. గురకలా, నీళ్లలోంచి వస్తున్నట్టు, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ. చనిపోతున్నవాడి ఊపిరిని అంత ఓపిగ్గా నటించినవాళ్లని నేను వినలేదు.

బయటికొచ్చేసరికి కళ్లనిండా నీళ్లు. అటెండరు "ఏమైందమ్మా" అంటే, "ఏమీ లేదు, థీసిస్ బతికింది" అన్నాను.

ఏప్రిల్ 8

థీసిస్‌కి ఆఖరి పొడిగింపు ఆగస్టు నెలాఖరు దాకా. చాలు. ఇప్పుడు చాలు.

ఏప్రిల్ 12, ఆదివారం

టేపు సంగతి అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. పూర్తిగా రాసి, టైపు చేసి, ఒకేసారి చేతిలో పెట్టాలని.

సొంత అత్తగారి మీద పీహెచ్‌డీ చేస్తున్న కోడలు ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటానని మా ఆయన తన లిఫ్టు కంపెనీలో అందరికీ చెబుతుంటాడు. "మిగతా కోడళ్లు డిగ్రీ ఇవ్వకపోయినా చేస్తారు" అని అత్తయ్య జవాబు. ఆవిడ లేకపోతే ఈ థీసిసే లేదు. ట్రంకుపెట్టెలోంచి స్క్రిప్టులు తీసిచ్చింది, ఫోటోల్లో ఎవరెవరో చెప్పింది, నా రాతలో తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దింది. తను మాత్రం మామయ్య పోయాక స్టేజీ ఎక్కలేదు. పాతికేళ్లకు పైగా ఒక బడిలో లైబ్రరీ చూసుకుని రిటైరయింది. బడి వార్షికోత్సవంలో పిల్లల నాటకం వేస్తే తలనొప్పని ఇంటికొచ్చేసేదట.

ఇవాళ బట్టలు మడతపెడుతూ మామూలుగా అడిగినట్టు అడిగాను.

"అత్తయ్యా, వరదగేటు ఎన్నిసార్లు ఆడారు?"

"ఏడు."

"ఎనిమిదోది ఏదైనా..."

"ఏడని ఎన్నిసార్లు చెప్పాలి అమ్మాయ్? రాసుకున్నావుగా."

దుప్పటి అంచులు కలవలేదు. విప్పి మళ్లీ మడిచింది. మళ్లీ విప్పింది.

అరవై నాలుగేళ్లు. మర్చిపోయుంటుంది.

ఏప్రిల్ 21, మంగళవారం

సెమినారు అయింది. ఇలాంటి రోజు మళ్లీ వస్తుందో రాదో.

"మరణాన్ని నటించడం: ఊపిరి, విరామం, నిశ్శబ్దం" అని నా పేపరు. నలభై మంది ఉన్నారు, బయటి యూనివర్సిటీల వాళ్లతో కలిపి. ఆ ఊపిరి ముక్క వినిపించాను. మొదట ఎవరికీ అందలేదు. వాల్యూము పెంచి మళ్లీ. మూడోసారి రివైండు చేసి, "ఇక్కడ చూడండి, ఈ విరామం నాలుగు సెకన్లు, ఆ తర్వాతది ఏడు, ఆ తర్వాతది పదకొండు. ఎంత లెక్కగా సాగదీశాడో" అని వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. అందరూ రాసుకున్నారు. ముందు వరసలో ఒకమ్మాయి ఏడ్చేసింది.

అత్తయ్య విరామం కూడా వినిపించాను. చక్రం తిప్పడానికి లేచేముందు, మాట మధ్యలో తెగిపోయినట్టు ఆగుతుంది. పద్నాలుగు సెకన్లు. హాలంతా బిగుసుకుపోతుంది. ఆ ఒక్క ఆగడం మీదే ఆరు పేజీలు రాశాను.

చప్పట్లు. సారు నా భుజం తట్టి, "బంగారం పండించావమ్మా. ఆ తేదీ ఒక్కటీ కనుక్కుని ఫుట్‌నోటులో వెయ్యి" అన్నారు.

ఏప్రిల్ 24, శుక్రవారం

తేదీ కనుక్కున్నాను.

ఆ సమాజం చివరి రోజుల్లో పక్క ఊరి హాల్లో కూడా ఆడేదని ఒక ఉత్తరంలో ఉంటే, బస్సెక్కి వెళ్లాను. గుమాస్తా మంచివాడు. అటక మీంచి పాత బుకింగు రిజిస్టరు దించి, దుమ్ము దులిపి, "మీరు అడిగారు కాబట్టి. ముప్పై ఏళ్లలో దీన్ని అడిగింది మీరూ, చెదలూ" అన్నాడు.

నవంబరు 19, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. వరదగేటు. హాలు నిండినట్టు పక్కన "ఫుల్లు" అని రాసుంది.

ఫోటో తీసుకున్నాను. ఇంటికొచ్చాను. చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టాను. ఎదురుగా గోడ మీద మామయ్య. ఫోటో కింద పుట్టిన తేదీ, ఒక చిన్న గీత, పోయిన తేదీ.

నవంబరు 19. అదే సంవత్సరం.

ఏప్రిల్ 25

గుమాస్తా తప్పు రాసుకున్నాడు. అంతే.

మామయ్య ఆసుపత్రిలో పోయారు. ఛాతీనొప్పి వచ్చింది, తీసుకెళ్లారు, సాయంత్రానికి పోయారు. మా ఆయనకి అప్పుడు ఆరేళ్లు, పిన్ని ఇంట్లో ఉన్నాడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

ఏప్రిల్ 26

బుక్ చేసిన తేదీ అయ్యుంటుంది, ఆడిన తేదీ కాదు. ఆట రద్దయి ఉంటుంది. రద్దయిన ఆటకి టేపు ఎక్కడినుంచి వస్తుంది అంటే, అది వేరే ఆట. మైకుసెట్టు ఆయన నంబరు తప్పు వేశాడు.

గుమాస్తా తప్పు రాశాడు, మైకు ఆయన తప్పు రాశాడు. అందరూ తప్పు రాశారు. నేనొక్కదాన్నే ఒప్పు.

ఏప్రిల్ 29

పిల్లాడికి చెప్పులు బిగుతయ్యాయి.

మే 2, శనివారం

ప్రాంప్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఇప్పుడాయనకి కోర్టు వీధిలో బైండింగు షాపుంది. రెండేళ్ల క్రితం ఇంటర్వ్యూ చేసినప్పుడు గలగలా మాట్లాడాడు, ఏడు ఆటల గురించీ. ఇవాళ ఫోనులో ఆ ఊపిరి ముక్క వినిపించాను. జిగురు కుంచె చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మైకుసెట్టు ఆయన పెట్టెలోది. చివరి సీను పన్నెండు నిమిషాలుంది."

"వాడు రికార్డు చేశాడా!" అని స్టూలు మీద కూలబడ్డాడు. "ఆపు తల్లీ. ఆపెయ్."

ఆపాను. బల్ల మీద అట్టలు సర్దుతూ కూర్చున్నాడు. సర్దినవే సర్దుతున్నాడు.

"మామయ్య చాలా బాగా..." అన్నాను. ఎందుకన్నానో తెలీదు. అప్పటికి నాకు తెలిసిపోయింది. తెలిసిపోయే ఆ మాట అన్నాను.

"నటన కాదమ్మా అది" అన్నాడాయన. "రిహార్సల్సులో ఆయన చెయ్యి ఎప్పుడూ గేటు చక్రం మీద ఉండేది. అలా పెట్టాలని నేనే సుద్దతో గుర్తు కూడా వేశాను. ఆరోజు చెయ్యి జారి సెట్టులోని మెట్టు మీంచి వేలాడింది. స్టేజీ పక్క వింగులోంచి చూస్తున్నా. ఇదేంటి, గుర్తు మర్చిపోయాడా అనుకున్నా. తర్వాత ఆ శబ్దం. తెర తాడు నా చేతిలోనే ఉంది. అమ్మగారి వైపు చూసి తాడు ఎత్తి చూపించా, వెయ్యనా అని."

"అత్తయ్య చూడలేదా?"

"చూసింది." గొంతు సవరించుకున్నాడు. "నా కళ్లలోకే చూసింది. తల అడ్డంగా ఊపింది, వద్దని."

ఫోను సంచిలో పెట్టేశాను.

"ఆవిడ వద్దంది, నేను ఆగా. తాడు నా చేతిలో ఉంది కదమ్మా! ఆవిడ ఏమన్నా లాగేయాల్సింది నేను. పన్నెండు నిమిషాలంటావా? నాకు మాత్రం ఆ తాడు ఇంకా చేతిలోనే ఉంది."

ఇంకా ఉంది. మూడో వరసలో ఒక డాక్టరు కూర్చుని ఉన్నాడట. ఆట అయ్యాక అందరితో పాటు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. హీరోకి చేయి కలిపి మెచ్చుకుందామని తెర వెనక్కి వచ్చాడు. నాడి చూసింది ఆయనే. "పది నిమిషాల ముందు నన్ను పిలిచి ఉంటే" అన్నాడట. మాట పూర్తి చేయకుండానే వెళ్లిపోయాడట.

సమాజం మేనేజరు ఆ ఆట లెక్క రిజిస్టరులోంచి తీసేయించాడు. ఆసుపత్రిలో పోయాడని అందరికీ చెప్పారు. జనం అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు, గొప్ప నాటకం చూశామనుకుంటూ.

మే 3

మూడుసార్లు. రివైండు చేసి మరీ. వాల్యూము పెంచి మరీ. వేళ్ల మీద లెక్కపెట్టి.

మే 6, బుధవారం

అడిగేశాను.

మా ఆయన డ్యూటీకి వెళ్లాక, అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుంటే, పక్కన కుర్చీ వేసుకుని "ప్రాంప్టరు గారిని కలిశాను అత్తయ్యా" అన్నాను. మిషను ఆగింది. సూది గుడ్డలోనే ఉండిపోయింది. ఎదురుగా కూర్చోలేక పక్కన కూర్చున్నాను, అందుకని మొహం కనపడలేదు. మెడ మాత్రం కనపడింది. మెడ మీద నరం కొట్టుకుంటోంది.

"వాడు నోరు విప్పాడా" అంది.

టేపు ఉందని చెప్పాను. సెమినారులో వినిపించానని చెప్పలేదు. అది ఎలా చెప్పను?

గుడ్డలోంచి సూది పైకి తీసి, "ఆపొద్దన్నారు" అంది.

"ఎవరు?"

"మీ మామయ్య. ఒళ్లో తల పెట్టుకోగానే, పెదాలు కదలకుండా, 'ఆపకు' అన్నారు. ఆయన మాట నేనెప్పుడు కాదన్నాను?"

హమ్మయ్య అనిపించింది. ఎంత హమ్మయ్య అంటే, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. చచ్చిపోతూ కూడా నాటకం ఆగకూడదన్న మనిషి. ఆ మాట నిలబెట్టిన మనిషి. ఇద్దరూ నాకు ఒక్కసారిగా ఆకాశమంత ఎత్తున కనిపించారు.

మే 7

టేపు మళ్లీ విన్నాను. మైకు మెట్టు కిందే పెట్టారు. గాజుల చప్పుడు వినిపిస్తోంది. చీర రాసుకున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన మింగిన గుటక వినిపిస్తోంది.

"ఆపకు" లేదు.

మే 8

అంత చిన్నగా అన్న మాట మైకుకి అందకపోవచ్చు.

మే 9

గుటక అందింది కదా.

మే 11, సోమవారం

అడగలేదు. నేను అడగలేదు. ఆవిడే వచ్చింది.

పొద్దున టీ కప్పు తెచ్చి నా కంప్యూటరు పక్కన పెట్టి, వెళ్లకుండా నిలబడింది. "విన్నావా" అంది. తల ఊపాను. "లేదు కదా ఆ మాట" అంది. తేలు కుట్టిన దొంగలా నేనే తల దించుకున్నాను.

మంచం అంచున కూర్చుంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. రికార్డరు పక్కనే ఉంది, ఆన్ చేయలేదు.

"తల ఒళ్లో పెట్టగానే తెలిసింది అమ్మాయ్. ఏడు ఆటల్లో ఆ తల మోశాను, దాని బరువు నాకు తెలీదా? నా కాళ్లు తిమ్మిరెక్కకుండా మెడ బిగపట్టి సగం బరువు ఆయనే మోసుకునేవారు. ఆరోజు మొత్తం బరువు వదిలేశారు. ఏమీ అనలేదు. అనే స్థితిలో లేరు.

"అరుద్దామనే నోరు తెరిచాను. నోట్లోంచి డైలాగు వచ్చింది. అలవాటు. అది అలవాటేనని చెప్పుకోవచ్చు, మొదటి వాక్యం, రెండో వాక్యం. మూడో వాక్యానికి హాలు ఆగిపోయింది. నీకెలా చెప్పను? ఏడు ఆటల్లోనూ ఆ సీను దగ్గర ఎవరో ఒకరు దగ్గేవాళ్లు. చంటిపిల్లలు ఏడ్చేవాళ్లు. వెనక కుర్చీలు కిర్రుమనేవి. పదిహేనేళ్లు ఆడాను, ఒక్కరోజు, ఒక్క నిమిషం, ఆ నిశ్శబ్దం నాకు దొరకలేదు. ఆరోజు ఎనిమిది వందల మంది ఊపిరి నా చేతిలో ఉంది. నా గొంతు ఎక్కడినుంచి వస్తోందో నాకే తెలీలేదు.

"ఇంకొక్క మాటని ఆపేద్దామనుకున్నా. ఆ ఒక్క మాట అయ్యాక, ఇంకొక్కటి. వాడు తాడు చూపిస్తే వద్దన్నాను. ఆయన పోతున్నారని తెలుసు. తెలిసే వద్దన్నాను. వదలబుద్ధి కాలేదు."

నేను కప్పు వైపే చూస్తున్నాను.

"తెర పడి, మళ్లీ లేచింది. ఆయన్ని వెనక్కి లాగేశారు, నాకొక్కదానికే చప్పట్లు. నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. రెండుసార్లు."

లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "ఆపొద్దన్నారన్న మాట ముప్పై ఏళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నా. పైకి అన్నది మొన్న నీతోనే. పైకి అనేసరికి అది ఎంత అబద్ధమో నాకే వినపడింది" అంది.

టీ చల్లారిపోయింది. తాగేశాను.

మే 12

ఆవిడతో ఒకే ఇంట్లో తొమ్మిదేళ్లు. నాకు టైఫాయిడు వస్తే పదకొండు రోజులు పక్కన కూర్చుంది. అదే మనిషి.

అదే మనిషి. ఎన్నిసార్లు రాసినా అతకడం లేదు.

మే 15, శుక్రవారం

సారుతో, ఆ అధ్యాయం వెనక్కి తీసుకుంటానన్నాను. ఎందుకని అడిగితే చెప్పాల్సి వచ్చింది. చెబుతున్నంతసేపూ ఆయన మొహం చూస్తున్నాను. బాధపడతారనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే, కన్నీళ్లేమో అనుకున్నాను.

"అమ్మా, నీకు అర్థమవుతోందా నీ చేతిలో ఏముందో? ప్రపంచంలో ఎవరి దగ్గరా ఉండదిది. నటన ఎక్కడ ఆగింది, నిజం ఎక్కడ మొదలైంది, సెకన్లతో సహా! థీసిస్ కాదు, పుస్తకం. ఆవిడ ఇంటర్వ్యూ వీడియో తియ్యి, బతికుండగానే."

బతికుండగానే.

"ఆవిడ మా అత్తగారు సార్" అన్నాను.

"అందుకే కదా నీకు చెప్పింది" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వస్తే గడువు పొడిగించమని రిజిస్ట్రారుతో పోట్లాడిన మనిషి. ఆ కళ్లలో మెరుపు చూడలేక లేచి వచ్చేశాను. తర్వాత గుర్తొచ్చింది. ఏప్రిల్ ఏడున నా కళ్లు కూడా అలాగే మెరిసి ఉంటాయి.

ఆ అధ్యాయం నలభై పేజీల్లో "నటన" అన్న మాట నూట పన్నెండు సార్లు వాడాను. కంప్యూటరు చెప్పింది.

మే 18

సారు అన్నదంతా అత్తయ్యకి చెప్పాను. సెమినారు సంగతి కూడా చెప్పాను, మూడుసార్లు వినిపించానని. కొట్టినా బాగుండేది. "నీకు తెలీదు కదా. నాకు తెలుసు" అంది. అంతే తేడా అన్నట్టు.

"రాయి" అంది. "ఉన్నది ఉన్నట్టు రాయి. నా పేరు పెట్టి రాయి. వీడియో గీడియో వద్దు. ముందు నా కొడుక్కి నేను చెప్పాలి. పుస్తకంలో చదివి తెలుసుకోకూడదు వాడు."

"మీ అబ్బాయికి చెప్పొద్దు అత్తయ్యా" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. ఐదేళ్లుగా నిజం నిజం అని అటకలు ఎక్కి వెతికిన దాన్ని.

మే 19, మంగళవారం

చెప్పింది. సగమే.

మా ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. భోజనం చివర్లో లేవబోతుంటే "కూర్చోరా" అంది. ఆసుపత్రి కాదురా, స్టేజీ మీద అంది. నా ఒళ్లో అంది. నేను ఆట ఆపలేదు, పన్నెండు నిమిషాలు అంది. మూడో వరసలో డాక్టరు అనేసరికి వాడు... మా ఆయన లేచాడు. చేయి కూడా కడుక్కోలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం వచ్చాడు. "నీకెప్పటినుంచి తెలుసు?" అన్నాడు నాతో.

చెప్పాను. రోజులు లెక్కపెట్టుకున్నాడు.

మే 20

మాట్లాడటం లేదు. ఆవిడతోనూ, నాతోనూ.

మే 21

ముగ్గురం ఉన్నాం ఇంట్లో. గోడ మీద నాలుగో మనిషి. మొత్తం ఇంట్లో ఎక్కువ మాట్లాడుతున్నది ఫ్రిజ్జే.

మే 22

ఆవిడ అన్నం పెట్టింది. తిన్నాడు. పెరుగు వద్దని చేతితో చూపించాడు. మాట లేదు.

మే 24, ఆదివారం

మధ్యాహ్నం మా ఆయన హాల్లో సోఫా మీద కూర్చుని, "ఆ టేపు ఉందా ఇంట్లో?" అన్నాడు.

కంప్యూటరులోకి ఎక్కించినది ఉందన్నాను.

"నాన్న గొంతు గుర్తులేదు నాకు" అన్నాడు. "పెట్టు."

స్పీకరు తెచ్చి పెట్టాను. మొదటి అంకం నుంచి. అత్తయ్య వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. మామయ్య మొదటి మాట వినగానే "ఇంత సన్నమా!" అని నా వైపు చూశాడు. రెండో నిమిషంలో నవ్వాడు. మామయ్య పై అధికారిని ఏడిపించే సీను, టేపులో జనం నవ్వుతున్నారు, వాళ్లతో పాటు మా ఆయన కూడా నవ్వుతున్నాడు. ఐదు రోజుల తర్వాత. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

రెండో అంకం అయ్యాక ఆపబోయాను. నా చేయి పట్టుకుని పక్కకి పెట్టాడు.

పన్నెండు నిమిషాలు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. చెప్పులు బిగుతయ్యాయన్న చోట ఒకసారి వెనక్కి చూస్తే, తన పాదాల వైపు చూసుకుంటున్నాడు. నీళ్లలోంచి వస్తున్నట్టున్న ఆ ఊపిరి, నాలుగు సెకన్లు, ఏడు, పదకొండు, నాకు తెలీకుండానే లోపల లెక్క నడుస్తూనే ఉంది. సిగ్గేసింది. చివరికి చక్రం కిర్రుమంది. తెర. చప్పట్లు పడుతూనే ఉన్నాయి.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

మా ఆయన అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. తల ఎత్తి ఆవిడ వైపు చూశాడు.

"చాలా బాగా చేశావమ్మా" అన్నాడు.

ఎత్తిపొడుపు అనుకున్నాను. కాదు. మొహం చూశాను. తడిసిన మొహం. నాటకం చూసి బయటికొచ్చేవాళ్ల మొహం. నేను ఏప్రిల్ ఏడున గదిలోంచి బయటికొచ్చినప్పటి మొహం.

అత్తయ్య గుమ్మం పట్టుకుంది. ఇక ఏడుస్తుందనుకున్నాను.

"ఏ చోట?" అంది.

ఆవిడ నిజంగానే అడుగుతోంది. ముప్పై ఏళ్లుగా ఎవరూ ఆవిడకి ఆ ఆట గురించి ఒక్క మంచి మాట చెప్పలేదు, ఎవరు చెబుతారు? మెడ కాస్త ముందుకు చాచి, కళ్లు పెద్దవి చేసుకుని, జవాబు కోసం చూస్తోంది.

మా ఆయన ఆలోచించాడు. "చివర్లో లేచేముందు ఆగావు చూడు. మాట మధ్యలో. అక్కడ."

ఆవిడ మొహంలోంచి ఆ వెలుగు మెల్లగా పోయింది.

"అక్కడే మీ నాన్న ఊపిరి ఆగింది" అంది.

నేను ఆరు పేజీలు రాసిన పద్నాలుగు సెకన్లు.

బయట వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్లిపోయేదాకా ముగ్గురం దాన్నే వింటున్నట్టు ఉండిపోయాం.

"నాన్న ఏమైనా అన్నాడా?" అన్నాడు మా ఆయన. "నీతో. ఆఖర్న."

ఒక్క మాట. "ఆపొద్దన్నార్రా" అంటే చాలు. కొడుక్కి నాన్న దక్కుతాడు, అమ్మా దక్కుతుంది. ఆ మాట అబద్ధమన్న సంగతి నాకూ ఆవిడకీ తప్ప ఎవరికీ తెలీదు, నేను చచ్చినా చెప్పను. ఆవిడ నా వైపు చూసింది. చెప్పండి అత్తయ్యా, చెప్పేయండి అని కళ్లతోనే వేడుకున్నాను. నేను, నిజం కోసం ఐదేళ్లు తిరిగిన దాన్ని, ఆవిడ అబద్ధం చెప్పాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"ఏమీ అనలేదురా. నేనే ఆపలేదు."

మా ఆయన సోఫాలో కాస్త పక్కకి జరిగి ఆవిడకి చోటు చేశాడు.

"తెలుసమ్మా" అన్నాడు. "విన్నానుగా."